నిన్నటి 'ఇఫ్', ఇవాళ్టి 'వుడ్'

ఇంగ్లిష్‌లో ఈ వాక్యం చూడండి: 'ఇఫ్ కాటన్ హాడ్ నాట్ బిల్ట్ ది ఆనికట్ ఎట్ ధవళేశ్వరం, ది డెల్టా వుడ్ నాట్ బి సో గ్రీన్ టుడే.' కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి ఉండకపోతే ఇవాళ గోదావరి డెల్టా ఇంత పచ్చగా ఉండేది కాదు. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. పచ్చదనం మాత్రం ఈ ఏటి సార్వాది, దాళ్వాది. నూట డెబ్బై ఏళ్ళు దాటిన ఆ ఎడాన్ని వాక్యం రెండు క్రియలతో దాటేసింది. ఇటు 'హాడ్ నాట్ బిల్ట్', అటు 'వుడ్ నాట్ బి'. చివరి 'టుడే' తీసేసినా దాటుతుంది. వ్యాకరణ పుస్తకాలు ఇలాంటి వాక్యానికి మిక్స్‌డ్ కండిషనల్ అని పేరు పెట్టాయి. ఇంగ్లిష్ వ్యాకరణం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పనితనం ఇదే.

మన స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుల్లో కండిషనల్స్ అనగానే బోర్డు మీద గళ్ళు గీస్తారు. ఫస్ట్ గడిలో ఇఫ్ తర్వాత ప్రెజెంట్, పక్కన విల్. సెకండ్‌లో ఇఫ్ తర్వాత పాస్ట్, పక్కన వుడ్. థర్డ్‌లో ఇఫ్ తర్వాత హాడ్, వి త్రీ (క్రియ మూడో రూపం). పక్కన వుడ్ హావ్, మళ్ళీ వి త్రీ. ఎప్పుడూ నిజమయ్యే మాటలకు జీరో అని ఇంకో గడి. పిల్లలు వాటిని కంఠతా పట్టి అప్పజెబుతారు. అన్నీ అయ్యాక, టైముంటే, థర్డ్‌లోని ఇఫ్ భాగాన్ని తెచ్చి సెకండ్‌లోని వుడ్ భాగానికి అతికిస్తే మిక్స్‌డ్ వస్తుందని చెప్పి వదిలేస్తారు. పరీక్షకు అది చాలు. ఆ వాక్యానికి మాత్రం అన్యాయం జరుగుతుంది. రెండు నిండు వాక్యాలను కోసి కుట్టిన అతుకుల బొంతలా అది పిల్లల కళ్ళకు కనబడుతుంది. అసలు అందులో అతుకు లేదు. ఇంగ్లిష్ దగ్గర ఉన్న కట్టుబడి ఒక్కటే. ఆ గళ్ళన్నీ దానిలోంచి పుట్టినవే.

ఆ కట్టుబడికి వాడిన పనిముట్లు రెండు. మొదటిది, భూతకాల రూపాన్ని కాలం కోసం కాకుండా దూరం కోసం వాడడం. 'ఇఫ్ ఐ న్యూ హిజ్ నంబర్, ఐ వుడ్ కాల్ హిమ్' అన్నప్పుడు 'న్యూ' చూడ్డానికి పాస్ట్. కానీ నిన్నటి సంగతేమీ అందులో లేదు. ఈ నిమిషంలో నాకు ఆయన నంబరు తెలియదు, అంతే. జరిగినదానికీ ఊహించినదానికీ మధ్య దూరం చూపించడానికి భాష క్రియను ఒక అడుగు వెనక్కి జరిపింది. డెన్మార్క్ పండితుడు ఓటో యెస్పర్సన్ 1924లో వెలువరించిన 'ది ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్'లో దీన్ని కాలరూపాలను ఊహకు వాడుకోవడంగా వివరించాడు. 1985లో క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ కలిసి తెచ్చిన పెద్ద వ్యాకరణం దీన్ని హైపోథెటికల్ పాస్ట్ అంది. 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్ రాసిన కేంబ్రిడ్జ్ వ్యాకరణం మోడల్ ప్రెటరిట్ అని పేరు మార్చి, ఇలాంటి వాక్యాలన్నిటినీ రిమోట్ కండిషనల్స్ కింద చేర్చింది. పేర్లలో నాకు ఈ 'రిమోట్' నచ్చింది. దూరం అన్న సంగతిని సూటిగా పట్టుకుంది. బ్యాంకులో గుమస్తాను 'ఐ వాంటెడ్ టు ఆస్క్ యు సమ్‌థింగ్' అని పలకరించినప్పుడు కూడా ఆ 'వాంటెడ్' చేసేది ఇదే పని. అడగాలని ఉన్నది ఇప్పుడే, మర్యాద కోసం ఒక అడుగు వెనక నిలబడి అడుగుతున్నారు.

రెండో పనిముట్టు 'హావ్'. పాస్ట్ రూపాన్ని ఊహ కోసం ఖర్చు పెట్టేశాక, అసలైన గతాన్ని ఊహించాలంటే ఏం మిగిలింది? 'ఇఫ్ కాటన్ బిల్ట్' అంటే ఊహ ఒక్కటే పలుకుతుంది, గతం పలకదు. అందుకని ఇంగ్లిష్ అక్కడ 'హావ్'ను దింపింది. 'హావ్', వి త్రీ కలిస్తే ముందే అయిపోయిన పని అని అర్థం. ఆ 'హావ్'ను కూడా ఒక అడుగు వెనక్కి జరిపితే 'హాడ్ బిల్ట్'. ఒక అడుగు ఊహకు, ఒక అడుగు గతానికి. ఫలితం చెప్పే భాగంలోనూ ఇదే లెక్క. 'విల్' ఒక అడుగు వెనక్కి జరిగి 'వుడ్' అయింది, అది ఊహకు. గతం కూడా కావలసి వస్తే 'వుడ్' పక్కన 'హావ్' చేరుతుంది.

ఇంతకు మించి నేర్చుకోవలసింది లేదు. 'హావ్' ఏ భాగంలో కనబడితే ఆ భాగం గతానిది. కనబడకపోతే ఇప్పటిది, లేదా ముందు రాబోయేది. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఒక భాగం ఇంకో భాగాన్ని అడగదు. ఇఫ్ భాగం తన కాలాన్ని తను చెప్పుకుంటుంది, వుడ్ భాగం తన కాలాన్ని తను చెప్పుకుంటుంది. రెండింటి కాలమూ ఒకటే అయినప్పుడు అది సెకండ్‌గానో థర్డ్‌గానో కనిపిస్తుంది. కాలాలు వేరైనప్పుడు దానికి మనం మిక్స్‌డ్ అని పేరు పెడతాం. మిక్స్‌డ్ అనేది మినహాయింపు కాదని, సెకండూ థర్డూ కూడా అదే ఏర్పాటులో రెండు కాలాలూ కలిసి వచ్చిన సందర్భాలని ఒకసారి చూస్తే, బోర్డు మీద గళ్ళన్నీ చెరిపేయవచ్చు.

కాటన్ వాక్యాన్ని ఇప్పుడు మళ్ళీ దగ్గరగా చూద్దాం. 'ది డెల్టా వుడ్ నాట్ బి సో గ్రీన్' దగ్గర ఒక్క 'హావ్' చేర్చి 'వుడ్ నాట్ హావ్ బీన్ సో గ్రీన్' అనండి. పచ్చదనం ఒక్కసారిగా పాత కాలానికి వెళ్ళిపోతుంది. ఆనకట్ట పూర్తయిన కొత్తల్లో ఆ ప్రాంతాన్ని చూసినవాళ్ళ కళ్ళముందున్న పచ్చదనం అవుతుంది. వాక్యంలో తేదీ లేదు, 'అప్పట్లో' అన్న మాట లేదు. మారినదల్లా చిన్న సహాయక క్రియ ఒకటి. గబగబా మాట్లాడేటప్పుడు అది 'వుడ్‌వ్' అని సగం మింగేసిన శబ్దంగా వినబడుతుంది. ఆ శబ్దాన్ని విని, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు సైతం చాలామంది 'వుడ్ ఆఫ్' అని తప్పుగా రాస్తుంటారు. అంత బక్కపలచని శబ్దం మీద ఒకటిన్నర శతాబ్దం దాటిన కాలం బరువు ఆనుకుని ఉంది.

ఇంకో సూక్ష్మం ఫలితానికి ఎంచుకున్న క్రియలో ఉంది. నిన్నటి షరతుకు ఇవాళ్టి ఫలితం చెప్పేటప్పుడు 'బి', కలిగి ఉండడం అనే అర్థంలోని 'హావ్', 'లివ్', 'నో' లాంటి స్థితిని చెప్పే క్రియలు ఎక్కువగా వస్తాయి. లేదంటే జరుగుతూ ఉన్న పని వస్తుంది. 'ఇఫ్ షి హాడ్ మిస్డ్ ది ట్రైన్, షి వుడ్ స్టిల్ బి సిట్టింగ్ ఆన్ ది ప్లాట్‌ఫామ్.' ఆమె రైలు తప్పిపోయి ఉంటే ఇంకా ప్లాట్‌ఫామ్ మీదే కూర్చుని ఉండేది. కారణం ఊహించవచ్చు. 'ఇప్పుడు' అనే క్షణంలో ఒక స్థితి ఇముడుతుంది, సాగుతున్న పని ఇముడుతుంది; మొదలై ముగిసిపోయే పని ఇమడదు. 'ఇఫ్ షి హాడ్ మిస్డ్ ది ట్రైన్, షి వుడ్ సిట్ ఆన్ ది ప్లాట్‌ఫామ్' అంటే వినేవాడికి ఎక్కడో తేడా కొడుతుంది. ఎప్పుడు కూర్చుంటుంది, రోజూనా, ఇక ముందా అన్న ప్రశ్న మిగిలిపోతుంది. ముందు రాబోయేది చెప్పాలంటే దానికీ చోటుంది. సెలవులన్నీ వాడేసుకున్న ఉద్యోగి 'ఇఫ్ ఐ హాడ్ నాట్ యూజ్డ్ అప్ మై లీవ్, ఐ వుడ్ బి గోయింగ్ టు తిరుపతి నెక్స్ట్ వీక్' అంటాడు. అయిపోయిన సెలవులు, రాబోయే వారం, మధ్యలో ఆఫీసులో కూర్చున్న ఈ రోజు. ఈ రోజును వాక్యం పైకి అననేలేదు.

ఇక రెండో దిక్కు, ఇవాళ్టి షరతుకు నిన్నటి ఫలితం. నా లెక్కలో ఇదే నాణ్యమైన పని. అదే గోదావరి మీద, రాజమండ్రి దగ్గర, 1900లో హావ్‌లాక్ వంతెన మీద రైళ్ళు నడవడం మొదలైంది. దానికి 56 స్పాన్లు. 1997లో దానికి విశ్రాంతి ఇచ్చారు. దాని గురించి ఇలా అనవచ్చు: 'ఇఫ్ ది గోదావరి వర్ ఎ నారో రివర్ ఎట్ రాజమండ్రి, ది హావ్‌లాక్ బ్రిడ్జ్ వుడ్ నాట్ హావ్ నీడెడ్ 56 స్పాన్స్.' రాజమండ్రి దగ్గర గోదావరి సన్నపాటి ఏరు అయితే హావ్‌లాక్ వంతెనకు 56 స్పాన్లు కావలసి వచ్చేవి కావు. ఇక్కడ 'హావ్' ఫలితం వైపు వచ్చింది. వంతెన కట్టడం గతం. ఇఫ్ భాగంలో 'హావ్' లేదు, ఎందుకంటే గోదావరి వెడల్పు గతం కాదు. వంతెన కట్టినప్పుడూ వెడల్పే, ఇవాళా వెడల్పే.

ఇక్కడ ఇఫ్ భాగానికి ఒక నియమం ఉంది. పుస్తకాలు పెద్దగా నొక్కి చెప్పవు కానీ అది తెలియకపోతే వాక్యం చెడుతుంది. అందులో చెప్పే స్థితి ఇప్పటి వరకే కాదు, ఫలితం జరిగిన ఆ గతంలో కూడా ఉండాలి. నది వెడల్పు, మనిషి ఎత్తు, స్వభావం, చేతనైన విద్య, చుట్టరికం లాంటివి దీనికి సరిపోతాయి. 'ఇఫ్ ఐ వర్ హంగ్రీ, ఐ వుడ్ హావ్ ఈటెన్ ఎట్ ది వెడ్డింగ్ ఎస్టర్‌డే' అంటే నిలవదు. ఆకలి పూటకు పూటకు మారిపోయేది. ఈ పూట ఆకలి నిన్నటి పెళ్ళిభోజనానికి కారణం కాలేదు. అక్కడ 'ఇఫ్ ఐ హాడ్ బీన్ హంగ్రీ' అనవలసిందే.

ఈ నియమం పుణ్యమా అని ఇంగ్లిష్‌కు ఒక అపురూపమైన వెసులుబాటు దొరికింది. ఒక డ్రైవరు లారీని కాలవలోకి దించేశాడు అనుకోండి. 'ఇఫ్ హి హాడ్ బీన్ కేర్‌ఫుల్, హి వుడ్ నాట్ హావ్ డ్రివెన్ ఇంటు ది కెనాల్' అంటే, ఆ పూట జాగ్రత్తగా ఉండి ఉంటే దించేవాడు కాదని. మిగతా రోజుల సంగతి ఈ వాక్యం ఎత్తలేదు. మంచి డ్రైవరే అయి ఉండవచ్చు, ఆ రోజు ఏమరుపాటు. 'ఇఫ్ హి వర్ కేర్‌ఫుల్, హి వుడ్ నాట్ హావ్ డ్రివెన్ ఇంటు ది కెనాల్' అంటే తీర్పు మారిపోయింది. ఆ మనిషి జాగ్రత్తపరుడే కాదు. అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు. మొదటి వాక్యం ఒక సంఘటనను తప్పు పడుతోంది, రెండోది ఒక స్వభావాన్ని. ఉద్యోగం ఉంచాలా తీసేయాలా అని ఆలోచిస్తున్న యజమాని ముందు ఈ రెండు వాక్యాలకూ ఎంత తేడా ఉంటుందో చెప్పనక్కరలేదు. నిందనూ క్షమనూ విడదీసే గీతను 'హాడ్ బీన్', 'వర్' అన్న రెండు రూపాల మధ్య గీసిన భాషకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆ 'వర్' కూడా ఊరికే వచ్చినది కాదు. 'గోదావరి వజ్' అనవలసిన చోట 'వర్' ఎందుకు వచ్చిందని పిల్లలు తప్పకుండా అడుగుతారు. పాత ఇంగ్లిష్‌లో చాలా క్రియలకు ఊహను చెప్పే వేరే రూపాలు ఉండేవి. కాలక్రమంలో పదాంతాల్లోని అచ్చులు నలిగిపోయి, ఊహా రూపాలూ మామూలు భూతకాల రూపాలూ కలిసిపోయాయి. 'బి' అనే ఒక్క క్రియలో మాత్రం 'వజ్', 'వర్' శబ్దంలోనే అంత దూరంగా ఉండటంతో అవి కలిసిపోలేదు. 'ఇఫ్ ఐ వర్'లో మిగిలి ఉన్నది ఆ పాత ఏర్పాటు చివరి జాడ. ఈ రోజుల్లో మాటల్లో 'ఇఫ్ హి వజ్' కూడా ధారాళంగా వాడతారు, దాన్ని తప్పనలేం. రాతలో 'వర్' చూస్తే మాత్రం నాకు కళ్ళు నిలుస్తాయి.

ఆ పాత ఇంగ్లిష్‌కు ఒక లోటు ఉండేది. ఇప్పటి ఊహకూ గతం గురించిన ఊహకూ ఒకే రూపం వాడేవాళ్ళు. ఏ కాలమో సందర్భాన్ని బట్టి పోల్చుకోవలసిందే. గతానికి 'హాడ్', వి త్రీ వాడే పద్ధతి తర్వాతి శతాబ్దాల్లో స్థిరపడింది. అప్పుడు కూడా ఫలితం వైపు 'వుడ్ హావ్' తప్పనిసరి కాలేదు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, యోహాను సువార్త పదకొండో అధ్యాయంలో, మార్త తన సోదరుడి చావు గురించి యేసుతో అనే మాటలో రెండు భాగాల్లోనూ 'హాడ్' కుటుంబమే ఉంటుంది. ఇప్పటివాళ్ళు ఫలితం వైపు 'వుడ్ నాట్ హావ్ డైడ్' అంటారు. 'వుడ్' వచ్చి ఫలితం భాగానికి గుర్తుగా నిలబడ్డాక రెండు భాగాల ముఖాలు స్పష్టంగా వేరయ్యాయి. అలా తేరుకున్న ఇంగ్లిష్‌లోనే కాటన్ వాక్యం ఇంత తేటగా పలుకుతోంది.

తెలుగువాళ్ళకు ఈ వాక్యం ఎందుకు చిక్కు పెడుతుందో చూస్తే, మన భాష పనితనం కూడా బయటపడుతుంది. ఊహ కోసం గతాన్ని అరువు తెచ్చుకోవడం మనకు కొత్త కాదు. 'చిన్నప్పుడు రోజూ ఏటికి వెళ్ళేవాడిని' అన్నప్పటి 'వెళ్ళేవాడిని', 'సెలవుంటే వెళ్ళేవాడిని' అన్నప్పటి 'వెళ్ళేవాడిని' ఒకటే రూపం. గతంలోని అలవాటును చెప్పే రూపమే జరగని సంగతికీ పనికొస్తోంది. ఇంగ్లిష్ 'వుడ్' కూడా సరిగ్గా ఈ రెండు ఉద్యోగాలూ చేస్తుంది. సబీన్ యాట్రిడూ 2000లో 'లింగ్విస్టిక్ ఇంక్వైరీ' పత్రికలో రాసిన వ్యాసం గ్రీకును ముందు పెట్టుకుని, వేర్వేరు భాషల్లో ఈ నకిలీ భూతకాలం ఎలా పనిచేస్తుందో పరిశీలించింది. 'హావ్' లాంటిదీ మనకుంది. 'కట్టి ఉండకపోతే', 'వచ్చి ఉండేవాడిని' అన్నప్పుడు ఆ 'ఉండు' చేసేది అదే పని. తేడా ఒకటే. మనం దాన్ని వాడకపోయినా వాక్యం నడుస్తుంది. 'నిన్న పిలిస్తే వచ్చేవాడిని కదా' అంటే ఎవరికీ అనుమానం రాదు, 'నిన్న' అన్న మాట పని పూర్తి చేసేసింది. ఇంగ్లిష్‌లో 'ఎస్టర్‌డే' ఎంత గట్టిగా అన్నా క్రియలకు సెలవు దొరకదు. అందుకే మన నోట 'ఇఫ్ యు కాల్డ్ మి ఎస్టర్‌డే, ఐ వుడ్ కమ్' అని వచ్చేస్తుంది. అది తెలివితక్కువ తప్పు కాదు, తెలుగు లెక్క ప్రకారం నూటికి నూరుపాళ్ళు సరైన వాక్యం. నేర్పేవాళ్ళు ఈ మాట పిల్లలకు చెబితే సగం భయం పోతుంది. మన 'ఉండు'ను గుర్తు చేసి, ఇంగ్లిష్‌లో దాని పని చేసే 'హావ్' ఐచ్ఛికం కాదు, తప్పనిసరి అని ఒక్క ముక్క చెబితే మిగతా సగమూ పోతుంది.

చెవితో పట్టుకోవలసిన సంగతి ఒకటి మిగిలింది. మాటల్లో 'ఐ హాడ్' కుదించినా 'ఐడ్', 'ఐ వుడ్' కుదించినా 'ఐడ్'. 'ఇఫ్ ఐడ్ టేకెన్ దట్ జాబ్, ఐడ్ బి ఇన్ చెన్నై' అన్నప్పుడు మొదటి 'ఐడ్' ఒకటి, రెండో 'ఐడ్' మరొకటి. వినేవాడికి తేడా తెలియజెప్పేది పక్కనున్న క్రియ. 'టేకెన్' వి త్రీ కాబట్టి ముందున్నది 'హాడ్'. 'బి' మూలరూపం కాబట్టి ముందున్నది 'వుడ్'. ఐఇఎల్‌టిఎస్ లిజనింగ్‌కు తయారయ్యేవాళ్ళు ఈ వాక్యాన్ని పదిసార్లు పైకి చదువుకుంటే దండగ ఉండదు. రాతలో ఇంకో సొగసు ఉంది, 'ఇఫ్'ను తీసేసి 'హాడ్'ను ముందుకు లాగడం. 'హాడ్ కాటన్ నాట్ బిల్ట్ ది ఆనికట్...' అని మొదలుపెడితే వాక్యానికి పెద్దరికం వస్తుంది. 'హాడ్', 'వర్', 'షుడ్' ఈ మూడింటికే ఇప్పటి ఇంగ్లిష్ సాధారణంగా ఆ గౌరవం ఇస్తుంది.

ఇలాంటి వాక్యాలను అన్‌రియల్ అనడం బోధనలో మామూలు. ఇఫ్ భాగంలో చెప్పినది జరగలేదు అని అర్థమట. కాటన్ విషయంలో అది నిజమే, ఆనకట్ట కట్టాడని అందరికీ తెలుసు. కానీ తర్కశాస్త్రవేత్త అలన్ రాస్ ఆండర్సన్ 1951లో ఒక చిన్న వ్యాసంలో ఈ నమ్మకాన్ని కదిపాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ ఆర్సెనిక్ విషం గురించి. దాన్ని మన మిక్స్‌డ్ రూపంలోకి మార్చుకుందాం. మంచం మీద రోగి ఉన్నాడు. ఏం తిన్నాడో ఎవరికీ తెలియదు. డాక్టరు లక్షణాలన్నీ చూసి, 'ఇఫ్ హి హాడ్ టేకెన్ ఆర్సెనిక్, హి వుడ్ బి షోయింగ్ ఎగ్జాక్ట్‌లీ దీజ్ సింప్టమ్స్' అంటాడు. ఆర్సెనిక్ తిని ఉంటే సరిగ్గా ఈ లక్షణాలే కనబడేవి. ఆ లక్షణాలు కళ్ళ ముందే ఉన్నాయి, అంటే ఫలితం భాగం ముమ్మాటికీ నిజం. షరతు భాగం అబద్ధమని డాక్టరు అనడంలేదు, పైగా అది నిజమని అనుమానిస్తున్నాడు. కట్టుబడి కాటన్ వాక్యానిదే: 'హాడ్' వైపు గతం, 'వుడ్ బి' వైపు ఈ నిమిషం. అన్‌రియల్ అన్న పేరు ఇక్కడ చెల్లదు, రిమోట్ అన్న పేరు చెల్లుతుంది. విషాన్ని డాక్టరు ఇంకా రూఢి చేయలేదు, దాన్ని ఒక అడుగు దూరాన ఉంచి కళ్ళెదుటి లక్షణాలతో పోల్చి చూస్తున్నాడు. రేపు రక్తపరీక్ష ఫలితం వచ్చాక ఆయన ఈ 'హాడ్'నూ 'వుడ్'నూ పక్కన పెట్టి, 'హి హాజ్ టేకెన్ ఆర్సెనిక్' అని కేస్‌షీట్‌లో రాయవచ్చు.